ఊళ్ళ పేర్లలో మిగిలిన తెగలు

పారిస్ అంటే ఏ రాజు పేరో, దేవత పేరో అనుకున్నారా? కాదర్రా, అది ఒక తెగ పేరు. కాస్త మంట దగ్గరికి జరగండి, చెప్తాను. నువ్వూ రా నాయనా, వచ్చే ఏడు ఫ్రాన్సు చదువుకి పోయేది నువ్వే కదా, నీకే ఎక్కువ పనికొస్తుంది.

రెండు వేల ఏళ్ళ కిందటి మాట. సేన్ నది ఒడ్డున పారిసీలు అని ఒక జనం ఉండేవాళ్ళు. వాళ్ళ పట్నం పేరు లుటేషియా. రోమన్లు ఆ దేశాన్ని గెలుచుకున్నాక ఆ ఊరిని పారిసీల లుటేషియా అని పిలిచారు. నాలుగో శతాబ్దం వచ్చేసరికి లుటేషియా అన్న మాట జనం నోటి నుంచి జారిపోయింది, పారిసీలు మాత్రం మిగిలారు. ఈ రోజు విమానం టికెట్టు మీద పారిస్ అని ఉంటే అది ఆ తెగ పేరే.

నువ్వు అక్కడికి వెళ్ళాక క్లూనీ మ్యూజియానికి తప్పకుండా వెళ్ళు. పడవవాళ్ళ స్తంభం అని ఒకటి ఉంటుంది అక్కడ. 1711లో నోత్రదామ్ చర్చి కింద తవ్వుతుంటే ఆ రాళ్ళు బయటపడ్డాయి. తిబేరియస్ చక్రవర్తి కాలంలో, అంటే ఏసుక్రీస్తు బతికున్న రోజుల్లోనే, పారిసీల పడవవాళ్ళు తమ సొమ్ముతో దాన్ని నిలబెట్టారు. రాత లాటిన్‌లో ఉంది, పైన రోమన్ల జూపిటర్ పేరు ఉంది. పక్క ముఖాలు చూడు, అక్కడ వాళ్ళ సొంత దేవుళ్ళు కనిపిస్తారు. దుప్పి కొమ్ములున్న దేవుడొకడు, కెర్నున్నోస్ అని పేరు, ఒక్కో కొమ్ముకూ ఒక్కో కంటె వేలాడుతుంటుంది. ఇంకో ముఖం మీద ఎద్దు, దాని మీద మూడు కొంగలు. పాలించేవాడి భాషలో రాయించుకున్నా తమ దేవుళ్ళనీ తమ పేరునీ వదలలేదు ఆ పడవవాళ్ళు. నాకు వాళ్ళంటే అందుకే గౌరవం.

ఒక్క పారిసే కాదు. ఉత్తర ఫ్రాన్సు పటం ముందు పెట్టుకుంటే సగం పెద్ద ఊళ్ళు ఇలాంటివే. రాన్స్ అంటే రేమీల ఊరు, నాంత్ నామ్నెతులది, తూర్ తురోనులది, సాన్స్ సెనోనులది, అమియాఁ అంబియానులది. అన్నిటికీ రోమన్ల రోజుల్లో వేరే పేర్లు ఉండేవి. రాన్స్‌ని దురోకోర్తోరుమ్ అనేవాళ్ళు. తూర్‌కైతే సీజర్ పేరు కలిపి కేసరోదూనుమ్ అని పెట్టారు. గెలిచినవాడి పేరు పెట్టిన ఊరు కూడా చివరికి ఓడినవాళ్ళ పేరుతోనే నిలబడింది చూశారా!

వీళ్ళందరినీ కలిపి కెల్టులు అంటారు. ఐర్లాండ్ నుంచి స్పెయిన్ దాకా, ఇటు ఆల్ప్స్ కొండలు దాటి టర్కీ దాకా పరుచుకున్న జనం. ఒక రాజ్యం కాదు, ఒక రాజు లేడు. గ్రీకులు కెల్టోయ్ అన్నారు, హెరొడోటస్ అప్పటికే ఆ పేరు రాశాడు. రోమన్లు గాల్లీ అన్నారు, వాళ్ళ దేశమే గాల్. తమను తాము కెల్టులనే పిలుచుకునేవాళ్ళని జూలియస్ సీజర్ తన యుద్ధాల పుస్తకం మొదట్లోనే చెప్పాడు. అయితే మామూలు మనిషికి ఆ పెద్ద పేరుతో పనేముంది? ఎవరివాళ్ళవని అడిగితే తెగ పేరే చెప్పేవాడు.

వాళ్ళ చరిత్ర వాళ్ళు రాసిపెట్టుకోలేదు అమ్మలూ. రాయడం రాక కాదు, గ్రీకు అక్షరాలతో లెక్కలు రాసుకునేవాళ్ళు. డ్రూయిడులని వాళ్ళ పురోహితులు ఉండేవాళ్ళు, తమ విద్యను రాయకూడదని వాళ్ళ నియమం. కొందరు ఇరవై ఏళ్ళ పాటు గురువు దగ్గర ఉండి కంఠస్థం చేసేవాళ్ళట, ఇదీ సీజర్ చెప్పిందే. చెప్పేవాడూ నేర్చేవాడూ పోయాక ఆ విద్యంతా పోయింది. మనకు మిగిలింది నాణేల మీద, రాళ్ళ మీద ఉన్న కొద్ది మాటలూ, శత్రువులు రాసిన పుస్తకాలూ, ఈ పేర్లూ.

మరి ఆ పేర్లకి అర్థం ఎలా తెలిసిందంటావా? మంచి ప్రశ్న. వాళ్ళ చుట్టాల భాషలు బతికే ఉన్నాయి, ఐర్లాండ్‌లో ఐరిష్, వేల్స్‌లో వెల్ష్, ఫ్రాన్సు పడమటి కొసన బ్రెటన్. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలై ఉండాలని చెబుతూ, కెల్టుల భాష కూడా ఆ ఇంటిదే కావచ్చన్నాడు. 1853లో జొహాన్ కాస్పర్ జ్యూస్ అనే జర్మన్ పండితుడు పాత ఐరిష్, వెల్ష్ రాతప్రతులు పట్టుకుని కెల్టిక్ వ్యాకరణం రాసి దాన్ని స్థిరపరిచాడు. మన తెలుగు వేరే కుటుంబం, ద్రావిడం. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకుని వాడుకుంటున్న మాటలు ఎన్ని లేవు? వాటి వల్ల ఆ కెల్టుల పేర్లు మనకి కొంచెం చుట్టరికంగా వినపడతాయి.

ఒక కిటుకు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. కెల్టులు మాట మొదట్లో ఉన్న ‘ప’ని మింగేశారు. పితృ అన్న మాటకి వాళ్ళలో చుట్టం అహిర్, ఐరిష్‌లో నాన్న అని. పూర్ణానికి లాన్. రేమీలు అన్నానే, దాని ముందు ఒక ‘ప’ తగిలించండి, ప్రేమీ అవుతుంది, లాటిన్‌లో ప్రీముస్‌కీ మన ప్రథమకీ బంధువు. రేమీలంటే మొదటివాళ్ళు, ముందుండేవాళ్ళు అని అర్థం. ఐర్లాండ్‌ని వాళ్ళ భాషలో ఏరె అంటారు. దాని పాత రూపం ఇవేరియు, మన కావ్యాల్లో పీవరం అంటారే, బలిసినది అని, దానికి తోబుట్టువు. పుష్టి గల నేల, పంట పండే నేల అని ఆ దేశం పేరు. ఈ సంగతి మొదటిసారి చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు బితురీగుల కథ చెప్తాను. ఆ దుంగ కొంచెం లోపలికి తొయ్యరా నాయనా.

రీగ్ అంటే రాజు. మన రాజూ, లాటిన్ రెక్సూ, వీళ్ళ రీక్సూ ఒకటే మాట. బితు అంటే లోకం, మన జీవం పుట్టిన ధాతువు నుంచే వచ్చింది. బతుకున్న చోటు కనక లోకం. బితురీగులంటే లోకానికి రాజులు అన్నమాట. ఎంత ధైర్యం ఉండాలి ఆ పేరు పెట్టుకోవడానికి! ఒకానొక కాలంలో కెల్టులందరి మీదా వీళ్ళదే పెత్తనమని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. కాబట్టి ఆ పేరు ఊరికే పెట్టుకున్నది కాదు.

క్రీ.పూ. 52లో వెర్కింగెటోరిక్స్ అనే యువకుడు తెగలన్నిటినీ కూడగట్టి సీజర్ మీద తిరగబడ్డాడు. అతని పేరు చూడండి, వెర్ అంటే పైన, కింగెటో అంటే యోధుడు, రీక్స్ రాజు. యోధులందరి మీదా రాజు. రోమన్ సైన్యానికి గింజ దొరకకూడదని ఊళ్ళు మనమే కాల్చేద్దామన్నాడు. ఒక్క రోజులో బితురీగుల ఊళ్ళు ఇరవైకి పైగా తగలబెట్టారు, వాళ్ళ చేతులతో వాళ్ళే. అవారికుమ్ వంతు వచ్చేసరికి మాత్రం బితురీగులు మిగతా తెగల కాళ్ళ మీద పడ్డారు. గాల్ దేశంలోకెల్లా అందమైన పట్నమిది, మా చేత కాల్పించకండి, మేం కాపాడుకుంటాం అన్నారు. అతనికి ఇష్టం లేకపోయినా వాళ్ళ ఏడుపు చూసి ఒప్పుకున్నాడు.

సీజర్ ఆ ఊరిని చుట్టుముట్టి, వానలో చలిలో, ఇరవై అయిదు రోజుల్లో గోడ ఎత్తుకి మట్టికట్ట పోయించాడు. ఒక రాత్రి లోపలివాళ్ళు సొరంగం తవ్వి ఆ కట్టకి నిప్పు పెట్టారు. అప్పుడు తన కళ్ళారా చూసిన ఒక సంగతి సీజర్ రాశాడు. కోట గుమ్మం ముందు ఒక మనిషి నిలబడి, వెనక నుంచి చేతులు మార్చి అందిస్తున్న కొవ్వు ముద్దలూ కీలు ముద్దలూ మంటలోకి విసురుతున్నాడట. రోమన్ల యంత్రం నుంచి బాణం వచ్చి పక్కలో దిగింది, పడిపోయాడు. వెనకున్నవాడు శవాన్ని దాటి వచ్చి అదే చోట నిలబడి విసరడం మొదలెట్టాడు. వాణ్ణీ బాణం కొట్టింది. మూడోవాడు వచ్చాడు. మూడోవాడి వెనక నాలుగోవాడు. మంటలు ఆర్పి యుద్ధం ముగిసేదాకా ఆ చోటు ఖాళీగా ఉండలేదట. శత్రువు రాసిన మాట ఇది, వాళ్ళ గొప్ప చెప్పాల్సిన అవసరం అతనికేముంది? ఒక్కడి పేరు కూడా మనకి తెలియదు. తెగ పేరు ఒక్కటే తెలుసు.

ఆ తరవాత ఊరు పడింది. సుమారు నలభై వేల మంది లోపలుంటే ఎనిమిది వందల మంది కూడా సరిగా బయటపడలేదని సీజర్ లెక్క. ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ పిల్లల్నీ కూడా వదల్లేదు. అవారికుమ్ అన్న పేరు చరిత్ర పుస్తకాల్లోకి పోయింది. ఊరు మళ్ళీ లేచింది. దాన్ని ఇప్పుడు బూర్జ్ అంటారు, బితురీగులు అరిగి అరిగి బూర్జ్ అయింది.

చెట్ల పేర్లు పెట్టుకున్న తెగలూ ఉన్నాయి. లెమోవీకులంటే ఎల్మ్ చెట్టు యోధులు, లిమోజ్ ఊరూ, లిముజాఁ ప్రాంతం వాళ్ళవే. పెళ్ళిళ్ళకి అద్దెకి తెచ్చే పొడుగాటి లిమోజిన్ కారు పేరు ఆ ప్రాంతం నుంచి వచ్చిందే. ఇప్పటి బెల్జియం వైపు ఎబురోనులు అని ఉండేవాళ్ళు. ఎబురో అంటే యూ చెట్టు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, వందల ఏళ్ళు బతుకుతుంది, విల్లు చేయడానికి దాని కర్రని మించింది లేదు. ఆకు, గింజ, బెరడు అన్నీ విషమే. క్రీ.పూ. 54లో వీళ్ళ రాజు అంబియోరిక్స్ ఉపాయంతో ఒక రోమన్ దళాన్ని మొత్తం తుడిచిపెట్టాడు. మరుసటేడు సీజర్ పగతో వచ్చి ఆ నేలంతా కాల్పించాడు. అంబియోరిక్స్ అడవులు పట్టి దొరక్కుండా పోయాడు. వాళ్ళకి ఇంకో రాజు ఉండేవాడు, కాతువోల్కుస్ అని, సగం తెగకి పెద్ద. వయసు మీద పడింది, యుద్ధమూ చెయ్యలేడు, పరుగూ తియ్యలేడు. ఈ ఉపద్రవం తెచ్చిన అంబియోరిక్స్‌ని నోరారా శపించి, యూ చెట్టు విషం తాగి చనిపోయాడు. యూ చెట్టు తెగ రాజు, యూ చెట్టు విషంతో! సీజర్‌కి ఆ పేరు అర్థం తెలుసో లేదో, ఆ చెట్టు అక్కడ విస్తారంగా ఉంటుందని మాత్రం రాసి ఊరుకున్నాడు. ఎబురోనులకి పారిసీల అదృష్టం పట్టలేదు, ఏ పెద్ద పట్నమూ వాళ్ళ పేరు మోయలేదు. అదే చెట్టు మాట ఇంగ్లండ్‌లో ఎబురాకుమ్ అనే ఊరి పేరులో ఉంది, యూ చెట్లున్న చోటని పండితులు ఎక్కువమంది చెప్పే అర్థం. అది నోళ్ళు మారి మారి యార్క్ అయింది. మీ బాబాయి ఉండే న్యూయార్క్ దాని పేరిటే.

నేలని బట్టి, నీళ్ళని బట్టి పెట్టుకున్నవీ బోలెడు. మోరినీలు సముద్రం వాళ్ళు. అంబియానులు సోమ్ నదికి ఇరువైపులా ఉండేవాళ్ళు. త్రేవెరులు మోసెల్ నది దాటించేవాళ్ళట, వాళ్ళ ఊరే జర్మనీలో ట్రియర్, కార్ల్ మార్క్స్ పుట్టిన చోటు. బ్రిటన్ ఉత్తరాన బ్రిగాంతులు, అంటే ఎత్తైనవాళ్ళు, మన బృహత్ అన్న మాటకి సొంత అక్కచెల్లెలు ఆ పేరు. ఇవన్నీ చెబుతూ పోతే తెల్లారుతుంది.

హెల్వెటీల సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. స్టాంపులు పోగేస్తావు కదా అమ్మలూ, హెల్వెషియా అని రాసి ఉన్న స్టాంపు ఏ దేశానిదో అంతుబట్టలేదన్నావు మొన్న. స్విట్జర్లాండ్‌ది అది. అక్కడ నాలుగు భాషలున్నాయి, ఏ ఒక్కరి భాషలో దేశం పేరు వేసినా మిగతా ముగ్గురూ ఊరుకోరని, లాటిన్‌లో ఆ పాత తెగ పేరు వేసుకున్నారు. హెల్వెటీలంటే చాలా నేల ఉన్నవాళ్ళు. అందులో ఎలు ఉందే, దాని ముందు కూడా ‘ప’ పోయింది, మన పురుకి జోడీ. పిఠాపురంలో పురుహూతికా అమ్మవారి పేరులో ఉన్న పురు అదే, అనేకం అని.

పేరుకి చాలా నేల, కానీ క్రీ.పూ. 58 నాటికి జనం పెరిగి వాళ్ళకి ఆ నేల ఇరుకైపోయింది. ఇటు కొండలు, అటు రైన్ నది. పడమటికి పోదామని నిశ్చయించుకుని పన్నెండు పట్నాలు, నాలుగు వందల పల్లెలు తామే తగలబెట్టారు, వెనక్కి రావాలన్న ఆశ ఎవరికీ మిగలకూడదని. మూడు నెలలకి సరిపడా పిండి విసిరి కట్టుకుని బయల్దేరారు. సీజర్ దారిలో కొట్టి వెనక్కి తోలాడు. వాళ్ళ విడిదిలో పలకలు దొరికాయి. గ్రీకు అక్షరాలతో, యోధులు వేరు, పిల్లలు వేరు, ముసలివాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు, పేరు పేరునా లెక్క. తోడొచ్చిన తెగలతో కలిపి బయల్దేరినవాళ్ళు 3,68,000, ఇంటికి చేరినవాళ్ళు 1,10,000 అని అతని లెక్క. ఆ అంకెలు హెచ్చని చరిత్రకారులు అంటారు, నిజమే కావచ్చు. నా మనసు ఆ పలకల మీదే ఉంటుంది. అన్ని పేర్లు రాసుకున్న జనం, ఒక్క పలక మిగల్లేదు.

ఇక మన ఇళ్ళకి దగ్గర మాట ఒకటి. తెలుగు బైబిల్లో గలతీయులకు వ్రాసిన పత్రిక అని ఉంటుంది, మన ఊరి చర్చిలో ఎన్నిసార్లు చదివి ఉంటారో. ఆ గలతీయ కెల్టుల పేరు మీద వెలిసిన దేశమే. క్రీ.పూ. 279లో కెల్టుల దండు ఒకటి గ్రీసులో డెల్ఫీ గుడి దాకా దూసుకుపోయింది. అక్కడ దెబ్బతింది. ఆ గాలివాటులో వచ్చిన వేరే గుంపుల్ని మరుసటేడు బితూనియ రాజు నికొమెడిస్ కిరాయి సైనికులుగా సముద్రం దాటించి ఇప్పటి టర్కీలోకి తెచ్చుకున్నాడు. వాళ్ళు అక్కడే స్థిరపడ్డారు. మూడు తెగలు, మూడూ కలిసి సభ చేసుకునే చోటు పేరు ద్రునెమెటోన్, నెమెటోన్ అంటే గుడి లాంటి పవిత్రమైన తోపు. మూడింట్లో టెక్టోసాగులది అంకారా. అవును, ఇప్పటి టర్కీ రాజధానే. ఆ ప్రాంతం తరవాత రోమన్ రాష్ట్రమై గలతీయ అయింది, అక్కడి సంఘాలకే పౌలు ఉత్తరం రాశాడు. మరో మూడు వందల ఏళ్ళకి జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు, ట్రియర్‌లోనూ అంకారాలోనూ తిరిగినవాడు, గలతీయుల మాట ఇంచుమించు త్రేవెరుల మాట లాగే ఉందని రాశాడు. ఎక్కడి జర్మనీ, ఎక్కడి టర్కీ! ఆరు వందల ఏళ్ళు పరాయి గడ్డ మీద ఇంటి భాష నిలబెట్టుకున్నారంటే ఆ తల్లులకి దండం పెట్టాలి.

ఈ టెక్టోసాగుల తోటివాళ్ళు దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ దగ్గరా ఉన్నారు. వాళ్ళకి ఇంటిపేరులా ముందు వోల్కీలు అని ఉంటుంది, వోల్కీ టెక్టోసాగులని. వోల్కీలు ఒకప్పుడు జర్మన్ జాతుల పక్కన కూడా కాపురమున్నారు. పొరుగు జనం ఆ పేరుని వాల్హ్ అని పలికి, తమ భాష రాని ప్రతివాడికీ తగిలించేశారు. క్రమంగా ఆ మాటకి పరాయివాడనే అర్థం స్థిరపడింది. మనం పండగలకి కొనే వాల్‌నట్టులో వాల్ అదే, పరాయి దేశపు గింజ అని. ఆ జర్మన్ జాతుల్లోనే ఆంగ్లులూ శాక్సనులూ బ్రిటన్‌కి వలస వచ్చి, అక్కడ తరతరాలుగా ఉన్న కెల్టుల్ని కూడా అలాగే పిలిచారు. అదే వేల్స్, వెల్ష్. సొంత గడ్డ మీద ఉన్నవాళ్ళకి, వచ్చినవాళ్ళు పెట్టిన పేరు పరాయివాళ్ళని.

మరి వాళ్ళు తమని ఏమనుకున్నారు? కమ్రి. పాత రూపం కొంబ్రోగి. బ్రోగి అంటే నేల, పొలిమేర. కలిసి ఒకే నేల మీద ఉన్నవాళ్ళు అని. ఆల్ప్స్ దగ్గర అల్లోబ్రోగులని ఒక తెగ ఉండేది, అల్లో అంటే వేరే, వేరే నేల నుంచి వచ్చినవాళ్ళు. ఇద్దరి పేర్లలోనూ ఉన్నది ఆ బ్రోగే. శాక్సనులు నేల నేలా ఆక్రమించుకుంటూ వస్తుంటే పాత తెగల పేర్లన్నీ పక్కన పెట్టి, మనమంతా ఒక నేలవాళ్ళం అనుకున్నారు వాళ్ళు. ఇంగ్లండ్ ఉత్తరాన కంబ్రియాలో మిగిలిందీ ఆ పేరే.

ఆ మాట కోసం మొన్న మొన్న కూడా కొట్లాడారు. 1960ల చివర్లో వేల్స్ కుర్రవాళ్ళు రాత్రుళ్ళు బయల్దేరి, ఇంగ్లీషులో మాత్రమే ఉన్న దారి బోర్డుల మీద రంగు పూసేవాళ్ళు. కేసులయ్యాయి, కొందరు జైలుకి పోయారు. చివరికి 1972లో ప్రభుత్వం వేసిన సంఘమే బోర్డులు రెండు భాషల్లోనూ ఉండాలని సిఫారసు చేసింది. 2021 లెక్కల ప్రకారం వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవాళ్ళు 5,38,000 మంది. నువ్వు ఫ్రాన్సు నుంచి సెలవులకి అటు వెళ్ళగలిగితే, ఇంగ్లండ్ దాటి వేల్స్‌లోకి అడుగుపెట్టేచోట స్వాగతం బోర్డు ఉంటుంది. ఇంగ్లీషులో వేల్స్ అని ఉంటుంది. దాంతోపాటు వాళ్ళ భాషలో క్రోయిసో ఇ గమ్రి అని ఉంటుంది, క నే గ చేసి పలుకుతారు అక్కడ. ఆ రెండోదాన్నే ఫొటో తీసి పంపించు నాయనా.